స్థానిక పత్రికలు – సంఘజీవనము
(బిల్హాలో జరిగిన సభయందు చేసిన ప్రసంగము)



స్థానిక పత్రికలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. బిల్హా వంటి రైల్వే ఊరిలో, తెలుగువారి యెదుట ఈ విషయమును ప్రస్తావించుటలో ఒక చిక్కు కలదు. మనకు రెండు ఊళ్లు. కన్న ఊరు ఒకటి, కూడు పెట్టిన ఊరు మరియొకటి. ఇచ్చటి సంగతి తెలియవలెనన్న బిలాస్‌పూర్ నుండియో రాయ్‌పూర్ నుండియో వచ్చు హిందీ పత్రికను చదువవలెను. స్వగ్రామ విశేషములు తెలియవలెనన్న తెలుగు పత్రికను చూడవలెను. ఒక దానిలో మన భాష లేదు. రెండవ దానిలో మన వీధి లేదు. కనుక "మన పత్రిక యేది?" అను ప్రశ్న ఇతరులకంటె మనకే సూటిగా తగులును.

ముందుగా మన చుట్టుపట్ల చరిత్రనే చూతము. బిలాస్‌పూర్ నుండి కట్నీ పోవు రైలుదారిలో పెండ్రా అను చిన్న ఊరు కలదు. 1900 జనవరిలో అచ్చటినుండి మాధవరావు సప్రేగారు "ఛత్తీస్‌గఢ్ మిత్ర" అను హిందీ మాసపత్రికను వెలువరించిరి. సప్రేగారి మాతృభాష మరాఠీ. అయినను తాము నివసించు సీమయొక్క మంచిచెడ్డలు తమవే యని భావించి, ఆ సీమవారి భాషలో పత్రిక నడపిరి. ధనము చాలక 1902తో అది నిలిచిపోయెను. నడచినది మూడేండ్లే. కాని ఛత్తీస్‌గఢ్‌లో పత్రికల చరిత్ర చెప్పువారు నేటికిని ఆ పేరుతోనే మొదలుపెట్టుదురు.

తెలుగువారి చరిత్రలోను ఇట్టి విశేషమే కలదు. "ఆంధ్రపత్రిక" పుట్టినది తెలుగు నేలపై గాదు, బొంబాయిలో. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అచ్చట దానిని వారపత్రికగా స్థాపించిరి. 1914లో మద్రాసునకు తరలి అది దినపత్రిక అయ్యెను. పొట్టకూటికై పరదేశము పోయినవారికి భాషాభిమానము సడలునని కొందరందురు. మన పెద్ద పత్రికలలో నొకటి పరదేశములోనే పుట్టినదని వారికి జ్ఞాపకము చేయవలెను.

ఆ కాలపు పత్రికలకు వార్త ముఖ్యము గాదు, అభిప్రాయము ముఖ్యము. బందరులో 1902లో వెలసిన "కృష్ణాపత్రిక"కు ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో కీర్తిశేషులగువరకు సంపాదకులుగా నుండిరి. పాఠకులు ముందు చూచునది వారి సంపాదకీయమును. హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో "గోలకొండ పత్రిక"ను ప్రారంభించిరి. తెలంగాణములో తెలుగు కవులు లేరని ఒకరు వ్రాయగా, వారు కోపముతో కేకలు వేయలేదు. ఊరూరి కవుల పద్యములు సేకరించి, 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక"ను ప్రకటించిరి. స్థానిక పత్రిక చేయదగిన సమాధానము ఇట్టిది. నిందకు నింద గాదు, నిందకు సాక్ష్యము.

పిదప వార్తకు ప్రాధాన్యము హెచ్చెను. 1974లో విశాఖపట్టణమున "ఈనాడు" ఆరంభమై, తెల్లవారకముందే పత్రిక ఇంటి గుమ్మము చేరు అలవాటు కలిగించెను. 1989 నుండి అది జిల్లాలకు వేరు పుటలు ముద్రింప మొదలిడగా, ఊరి చెరువు గండి, బడి కప్పు, బస్సు రాకపోవుట కూడ అచ్చులో కెక్కినవి. ఇది చిన్న మార్పు గాదు. తన ఊరి పేరు అచ్చులో చూచుకొన్నవాడు అధికారియెదుట కొంత నిబ్బరముతో నిలువగలడు.

కాని ఇందులో ఒక లోపమును కలదు. జిల్లా వార్త జిల్లా పుటలోనే నిలిచిపోగా, ఒక జిల్లా కష్టము పొరుగు జిల్లా కెరుకపడకపోయెను. ఆ గోడ దాటిన సందర్భమొకటి చెప్పెదను. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణమును మూయించిన వృత్తాంతము వయోజనవిద్యా వాచకములో పాఠమయ్యెను. 1992లో ఆ ఉద్యమము ఊరూర వ్యాపింపగా, పత్రికలు దినదినము ఆ వార్తలను ప్రకటించినవి. ఒక ఊరి ధైర్యము మరియొక ఊరికి తెలిసెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధము వచ్చెను. పోరాడినది స్త్రీలే, పత్రిక ఆ మాటను మోసినది.

ఇక నేటి సంగతి. వార్తకై మనమెవరమును ప్రొద్దుటి పత్రికకు ఎదురు చూచుట లేదు. అది రాత్రియే చేతిలోని ఫోనునకు వచ్చుచున్నది. స్వగ్రామములో పెండ్లి జరుగుచుండగనే ఇచ్చట చూచుచున్నాము. ఇది సౌకర్యమే; నేను దీనిని నిందింపను. కాని ఒక చిన్న సంగతి వినుడు. మాకు తెలిసిన ఉద్యోగుల కుటుంబముల ఫోను బృందములో, పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి స్వర్గస్థులైనట్లు ఒకనాడు వార్త వచ్చెను. సంతాపములు వెల్లువగా వచ్చినవి. ఇద్దరు పూలదండతో వారి యింటికి పోగా, తలుపు తీసినది ఆ పెద్దమనిషియే! వారు నవ్వి కాఫీ ఇప్పించిరి. కాని దూరమున నున్న వారి కుమార్తె ఆ రాత్రి పడిన వేదన నవ్వదగినది గాదు. ఎవరు వ్రాసితిరని విచారింపగా, ప్రతివారును "నాకు వచ్చినది, నేను పంపితిని" అనిరి. వ్రాసినవారు లేరు, తప్పు ఒప్పుకొన్నవారు లేరు, సవరణ ప్రకటించినవారును లేరు.

పత్రిక చివరిపుట అడుగున చిన్న అక్షరములలో ఒక పంక్తి యుండును. ముద్రాపకుడెవరు, ప్రచురణకర్త యెవరు, సంపాదకుడెవరు అని. ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు 1867 నాటి చట్టము మొదలు తప్పనిసరి. మనము దానిని చదువము. కాని పత్రికకు ప్రాణము ఆ పంక్తియే. "ఈ మాటకు నేను పూచీ" అని ఒకరు పేరు వ్రాసి నిలుచుట అది. పత్రికలు ఎప్పుడును తప్పు వ్రాయలేదని గాని, పక్షపాతము చూపలేదని గాని నేననను. అయినను తప్పు జరిగినపుడు ఎవరి తలుపు తట్టవలెనో తెలిసియుండెడిది. వార్త చేరవేయు పని ఫోను తీసికొన్నది. పూచీపడు పని ఇంకను ఎవరును తీసికొనలేదు. స్థానిక పత్రికకు నేడు మిగిలిన పని అదియే, అది చిన్నది గాదు.

కావున ఈ సంఘమునకు నా మనవి యొకటి. నెల కొకసారి ఒక్క కాగితముతో గోడపత్రిక వ్రాయుడు. సగము తెలుగు, సగము హిందీ. ఇరుగుపొరుగువారును చదువవలెను గదా. పుట్టినవారి పేర్లు, పోయినవారి పేర్లు, పరీక్షలలో నెగ్గిన పిల్లల పేర్లు, వీధిలో వెలుగని దీపము సంగతి వ్రాయుడు. రైలు ఉద్యోగమునకై మొదట ఇచ్చటికి వచ్చిన పెద్దలలో ఒకరి జ్ఞాపకమును ప్రతినెల చేర్చుడు. తెలుగు భాగమును పిల్లలచేతనే వ్రాయింపుడు. మాటలాడగలిగియు చదువలేని పిల్లలు మన యిండ్లలో ఎందరున్నారో మీకు తెలియును. విన్నదానిని విచారింపక వ్రాయవద్దు. తప్పు దొరలిన మరునెల మొదటి పంక్తిలో దిద్దుడు. అడుగున మాత్రము ఒకరి పేరు తప్పక యుండవలెను.

సప్రేగారి పత్రిక మూడేండ్లే నడచెను. మనది ఒక్క యేడు నడచినను, పన్నెండు కాగితములు మిగులును. ముందు తరమువారు "బిల్హాలో తెలుగువారుండిరా?" అని యడిగినపుడు చూపుటకు మన పేర్లతో కూడిన సాక్ష్యమొకటి యుండును.