లాఠీ, మాత్ర: బెంగళూరులో హెచ్‌ఐవీ నివారణ

హెచ్‌ఐవీ గురించి మాట్లాడేటప్పుడు డాక్టర్లతో మొదలుపెట్టడం రివాజు. బెంగళూరు సంగతి వచ్చేసరికి నేను పోలీసులతో మొదలుపెట్టాల్సి వస్తోంది.

ముంబైకి కామాటిపుర ఉంది, కోల్‌కతాకు సోనాగాచి ఉంది. బెంగళూరులో సెక్స్ వర్కర్లకు అలాంటి పెద్ద పేట లేదు. ఇక్కడ బేరం మెజెస్టిక్ బస్టాండులో, పార్కు గేటు దగ్గర, సందు మలుపులో కుదురుతుంది. ఆ తర్వాత ఏ లాడ్జికో వెళతారు. పేట ఉన్నచోట ఇంటింటికీ తిరిగి కండోములు పంచవచ్చు. ఇక్కడ బస్సులు దిగే జనంలోంచి మనిషిని ఆనవాలు పట్టాలి. అది బయటివాళ్ల వల్ల కాదు. అందుకే ఆ వృత్తిలో ఉన్న స్త్రీలు, హిజ్రాలే తోటివాళ్లకు నేర్పే పీర్ ఎడ్యుకేటర్లయ్యారు. వాళ్ల సంచిలో ఉన్న కండోములనే పోలీసులు నేరానికి సాక్ష్యంగా చూసి లాఠీ ఎత్తేవాళ్లు. ఆరోగ్యశాఖ పంచిన వస్తువు హోంశాఖకు సాక్ష్యమైంది! దెబ్బలు తప్పాలంటే సంచి ఖాళీగా ఉండాలి. ఖాళీ సంచితో నివారణ ఎక్కడిది?

ఈ హింసను పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కర్ణాటక శాఖ 2001, 2003 నివేదికల్లో నమోదు చేసింది. 1999లో పుట్టిన 'సంగమ' లాంటి హక్కుల సంస్థలు స్టేషన్లకు వెళ్లి నిలదీశాయి. 2003 నుంచి గేట్స్ ఫౌండేషన్ వారి హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం 'ఆవాహన్' సొమ్ముతో కర్ణాటకలో పని విస్తరించింది. అందులో క్లినిక్కులు, కండోములతోపాటు పోలీసులకు శిక్షణ, అరెస్టయిన వాళ్లకు న్యాయసహాయం కూడా ఉన్నాయి. కర్ణాటకలో సెక్స్ వర్కర్లపై జరిగిన అధ్యయనం ఒకటి 2010లో అచ్చయింది. దెబ్బలు తిన్న స్త్రీలలో కండోం వాడకమూ, క్లినిక్కుకు రావడమూ తక్కువని, కార్యక్రమం నడిచేకొద్దీ హింస తగ్గిందని అది చూపింది. ఇంత చేసిన పీర్లకు దక్కింది గౌరవ వేతనం: గౌరవమూ తక్కువే, వేతనమూ తక్కువే.

ఆ అధ్యయనం వచ్చిన మరుసటి ఏడే, 2011లో, కర్ణాటక పోలీసు చట్టంలో 36ఏ సెక్షన్ చేరింది. హిజ్రాల పేర్లు, చిరునామాలతో రిజిస్టరు పెట్టే అధికారం దాంతో పోలీసులకు వచ్చింది. నిజాం కాలపు హైదరాబాద్ చట్టం పోలికలే అందులో ఉన్నాయి; ఆ పాత చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో గానీ కొట్టెయ్యలేదు. కర్ణాటక సెక్షనుపై కూడా జనం కోర్టుకెక్కారు. చివరికి అందులోంచి హిజ్రాలను పేర్కొన్న మాట తీసేశారు. రిజిస్టరు చూసి భయపడినవాళ్లు పరీక్ష గదిలో పేరు చెబుతారా?

మందు సంగతి ఇంతకంటే నయం. 2004 ఏప్రిల్ 1న ఆరు రాష్ట్రాల్లో ఉచిత ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో పెట్టే మందులు) మొదలైనప్పుడు వాటిలో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక కణాల) లెక్కతో నిమిత్తం లేకుండా, పాజిటివ్ అని తేలగానే మందులిస్తున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకొక మాత్ర చాలు. రక్తంలో వైరస్ పరిమాణం (వైరల్ లోడ్) పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిస్తే, లైంగిక సంబంధం ద్వారా ఆ మనిషి నుంచి వైరస్ ఇంకొకరికి సోకదు. ఇది నిరూపితమైన విషయం. అయినా మన ఆసుపత్రి గోడల మీద ఇంకా పుర్రె బొమ్మలే!

కదిరి నుంచో మదనపల్లె నుంచో కట్టడం పనికి బెంగళూరు వచ్చే మనవాళ్లను ఇక్కడ చెప్పుకోవాలి. ఊళ్లో ఎవరి కంటా పడకూడదని ఇక్కడ మందులు తీసుకుంటారు కొందరు. ఇక్కడి మేస్త్రీకి తెలుస్తుందని ఊరెళ్లి తెచ్చుకుంటారు ఇంకొందరు. పని మారినా, ఊరు మారినా మాత్ర ఆగకూడదు. చికిత్స కార్డును కొత్త సెంటరుకు మార్పించుకోవచ్చు. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఆ కారణంగా పని పీకెయ్యకూడదు, ఇల్లు ఖాళీ చేయించకూడదు.

ఈ సభలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు, కూలీలను పెట్టుకునేవాళ్లున్నారు. ఆ చట్టం మీకూ వర్తిస్తుంది. సందేహాలుంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు. ఈ నంబరు మీ కట్టడం షెడ్డు గోడ మీద తెలుగులోనూ రాయించండి.