వాసన తెలియకపోతే



హైదరాబాదులో మాదాపూర్ ఉంది. అక్కడ 1998లో సైబర్ టవర్స్ అనే పెద్ద మేడ తెరిచారు. దాని చుట్టూ హైటెక్ సిటీ పెరిగింది. మేడల్లో కంప్యూటర్ల పని. ఆ పని చేసేవాళ్ల ఇళ్లలో వంట చేసేది మన ఆడవాళ్లే.

2020లో కరోనా వచ్చింది. మేడల్లోకీ వచ్చింది, బస్తీల్లోకీ వచ్చింది. చాలామందికి వాసన పోయింది. పోపు వేసినా ఘుమఘుమ లేదు. పాలు అడుగంటినా తెలియలేదు. అన్నం రుచి తప్పింది. ఆ ఏడు జూన్‌లో ప్రభుత్వం దీన్ని కరోనా గుర్తుల్లో చేర్చింది.

ముక్కు లోపల, పైన, వాసన పట్టే చోటు ఉంటుంది. జబ్బు అక్కడ దెబ్బ తీస్తుంది. గట్టి జలుబు చేసినా, ముక్కులో కండ పెరిగినా, తలకు దెబ్బ తగిలినా వాసన పోవచ్చు.

"వాసనే కదా, పోతే పోయింది" అనుకోవచ్చా? వద్దు. వంటింట్లో ముక్కే కాపలా. వంట గ్యాసుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని అందులో కంపు కొట్టే మందు కలుపుతారు. ముక్కు పని చేయకపోతే ఆ కంపు తెలియదు. గ్యాసు గాలి కంటే బరువు. నేల మీద పరుచుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు!

పని పోతుందేమోనని కొందరు ఈ సంగతి దాస్తారు. దాస్తే ప్రాణానికే ముప్పు. ఇంట్లో చెప్పాలి. పని చేసే ఇంట్లోనూ చెప్పాలి. వంట కాగానే రెగ్యులేటర్ కట్టేయాలి. పొయ్యి వెలిగించే ముందు "గ్యాసు వాసన వస్తోందా?" అని పక్కవాళ్లను అడగాలి. వస్తోందంటే అగ్గిపుల్ల గీయకూడదు. లైటు స్విచ్ ముట్టకూడదు. తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి రావాలి. బయటి నుంచి 1906కు ఫోన్ చేయాలి.

పోయిన వాసన చాలామందికి తిరిగి వస్తుంది. కొందరికి నెలలు పడుతుంది. ముక్కు, చెవి, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. ముక్కుకు చదువు కూడా నేర్పవచ్చు. నిమ్మకాయ, లవంగం, గులాబీ, నీలగిరి తైలం తీసుకోవాలి. పొద్దున, సాయంత్రం ఒక్కొక్కటి కాసేపు వాసన చూడాలి. తైలం ముక్కులో వేయకూడదు. పాత వాసన గుర్తు చేసుకుంటూ చూడాలి. మూడు నెలలైనా మానకూడదు.

పలక మీద అక్షరాలు ఒక్కరోజులో వచ్చాయా? దిద్దగా దిద్దగా వచ్చాయి. ఇదీ అంతే.

ఈ రోజే ఒక పని చేయండి. వంటింటి గోడ మీద 1906 అని పెద్దగా రాయండి. మీ చేత్తోనే రాయండి.