కుంచము కొలత, వీశె తూకము

గౌతమీ తీరమునందలి ఐ.పోలవరము పేరులోని మొదటి అక్షరము ఐలాండ్ అను మాటకు పొట్టిరూపము, అనగా లంక. ఆ ప్రాంతమున వరిచేలతోపాటు నేడు రొయ్యల చెరువులును కలవు. చెరువు నీటిని చిలుకుచుండు ఏరేటర్లు రాత్రివేళ కరెంటు పోయినచో డీజిల్ జనరేటరుపైననే తిరుగవలెను. తెల్లవారకమునుపు నీటిలోని ప్రాణవాయువు మిక్కిలి తగ్గియుండును. ఆ సమయమున ఇంజను ఆగినచో రైతు నెలల తరబడి పడిన శ్రమ గంటలలో నశింపవచ్చును. కావున డీజిలు లెక్కలో జరుగు ఒక చిన్న పొరపాటును గూర్చి నేడు మేము ముచ్చటింప దలచితిమి.

ఒక ఇంజను పత్రములో ఖర్చు కిలోవాటు గంటకు 250 గ్రాములని వ్రాసియున్నదనుకొందము. పది కిలోవాట్ల బరువు మోయునప్పుడు గంటకు రెండున్నర కిలోల డీజిలు కాలును. ట్యాంకులో 20 లీటర్లున్నవి. రైతు కిలోనే లీటరుగా భావించి, ఇరువదిని రెండున్నరచే భాగించి, ఎనిమిది గంటలు వచ్చునని నిశ్చయించుకొని, రాత్రి తొమ్మిదికి ఇంజను వేసి నిదురించును. తెల్లవారి అయిదువరకు భయము లేదని ఆయన నమ్మకము. కాని ఇంజను మూడున్నర ప్రాంతముననే ఆగిపోవును. ఏల?

మన పెద్దలు ధాన్యమును కుంచముతో కొలిచెడివారు, బెల్లమును వీశెతో తూచెడివారు. కుంచెడు వడ్లును, కుంచెడు ఊకయు పాత్రలో ఒకే చోటు ఆక్రమించును. త్రాసులో మాత్రము సమము కావు. లీటరు అనునది కుంచము వంటిది. కిలో అనునది వీశె వంటిది. ఈ రెండింటికిని వారధి సాంద్రత, అనగా ఒక లీటరు పదార్థము ఎన్ని కిలోలు తూగునో తెలుపు సంఖ్య. నీటికది సుమారు ఒకటి. కోనసీమ రాత్రి వేడిమిలో డీజిలుకు సుమారు 0.82.

గంటకు ఖర్చగు లీటర్లను సాంద్రతచే గుణించిన కిలోలు వచ్చును. కిలోలను సాంద్రతచే భాగించిన లీటర్లు వచ్చును. రెండున్నర కిలోలను 0.82 చే భాగింపగా 3.05 లీటర్లు. ఇరువది లీటర్లు ఆరున్నర గంటలకు మించి రావు. డీజిలు నీటికంటె తేలిక. కనుక లీటర్ల సంఖ్య ఎల్లప్పుడు కిలోల సంఖ్యకంటె హెచ్చుగా ఉండవలెను. తక్కువ వచ్చినచో భాగింపవలసినచోట గుణించితిమని గ్రహింపవలెను.

ఇంజనుకు లీటరు కాక కిలో ఎందుకు కావలెనని ఎవరైన అడుగవచ్చును. మండునప్పుడు వెలువడు వేడి, నూనెలోని పదార్థమును బట్టియే కాని అది ఆక్రమించు చోటును బట్టి కాదు. ఎండకు డీజిలు వ్యాకోచించును. 15 డిగ్రీలవద్ద లీటరు 830 గ్రాములు తూగు డీజిలు 35 డిగ్రీలవద్ద సుమారు 816 గ్రాములే తూగును. అందువలననే పెట్రోలు బంకులలో సాంద్రతను 15 డిగ్రీలకు సరిచేసి చూతురు. హైడ్రోమీటరుతో పరీక్షించి చూపుమని అడుగు హక్కు కొనుగోలుదారునకు కలదు.

ఈ పొరపాటు చదువురానివారిదే యని తలంపరాదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానమునకు 22,300 కిలోల ఇంధనము కావలసియుండెను. ట్యాంకులలో 7,682 లీటర్లు కలవు. లీటరుకు 0.803 కిలోలని లెక్కింపవలసియుండగా, పౌనులకు చెందిన 1.77 అను సంఖ్యను వాడిరి. ఇరువదివేల లీటర్లకు పైగా పోయవలసినచోట 4,916 లీటర్లు మాత్రమే పోసిరి. నడిమి ఆకాశమున రెండు ఇంజనులును ఆగిపోయెను. పైలట్లు విమానమును గాలిలో తేలించుచు గిమ్లీ అనుచోట పాత విమానాశ్రయమున దింపిరి. అదృష్టవశమున ప్రాణనష్టము జరుగలేదు. తప్పు గుణకారములో లేదు. అంకె ప్రక్కన నుండవలసిన ప్రమాణము పేరులో ఉన్నది.

మన కృష్ణా గోదావరి బేసిన్‌లో లభించు సహజవాయువు విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. ద్రవము వేడికి కొంచెమే వ్యాకోచించును; వాయువు వేడికి మిక్కుటముగా ఉబ్బును, ఒత్తిడికి కుదించుకొనును. సాధారణ వాయుపీడనమున 15 డిగ్రీలవద్ద ఘనమీటరు మీథేను సుమారు 680 గ్రాములు. 35 డిగ్రీలవద్ద దాదాపు 635. కనుకనే వాయువును ప్రామాణిక ఘనమీటర్లలో, నిర్ణీతమైన వేడిమికిని ఒత్తిడికిని సరిచేసి లెక్కింతురు.

ఇక మీ ఇంజనును మీరే పరీక్షింపవచ్చును. గీతలున్న పాత్రనుండి ఇంజనుకు డీజిలు అందునట్లు అమర్చి, మామూలు బరువుమీద నడిపి, 100 మిల్లీలీటర్లు తరుగుటకు పట్టిన కాలమును గడియారముతో చూడుడు. ఇంజెక్టరునుండి తిరిగివచ్చు డీజిలును అదే పాత్రలోనికి చేర్చవలెను. లేనిచో ఖర్చు హెచ్చుగా కనబడును. 118 సెకన్లు పట్టినచో గంటకు 3.05 లీటర్లు; దానిని 0.82 చే గుణింపగా రెండున్నర కిలోలు. పత్రములోని అంకెకు సరిపోయినచో ఇంజను బాగున్నది. చాల మించినచో మెకానిక్కును పిలువవలసిన వేళ వచ్చినది.

ఆ లెక్కను సుద్దతో జనరేటరు గది తలుపుమీద వ్రాసి, అంకె ప్రక్కన లీటరనో కిలోయనో తప్పక పేర్కొనుడు. రాత్రి కాపలా ఉండు మనిషికి ఆ ఒక్క మాట చాలును.