ఇల్లు ఒక చోట, ఊరు ఒక చోట
(శతవత్సర ఉత్సవములలో కుటుంబ కూడికనాడు చేసిన ప్రసంగ పాఠము)



కుటుంబ జీవితమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఉత్సవ సంఘము వారు మమ్మును కోరినారు. ఈ అంశము మీద మంచి మాటలు మీరు చాలా విని యున్నారు. కనుక 2024వ సంవత్సరములో మా ఇంటిలో జరిగినదానిని, మా సంఘములోని ఇండ్లలో చూచినదానిని దగ్గర పెట్టుకొని మాట్లాడదలచినాము. ఆ సంవత్సరము మాకు దుఃఖము, ప్రయాణము, సంసారము అన్నీ ఒకే ముడిలో పడిన సంవత్సరము.

మా సంఘము హైటెక్ సిటీ చుట్టుపక్కల కొండాపూరు, మాదాపూరు, గచ్చిబౌలి, మియాపూరులలో ఉండే కుటుంబాలది. క్రొత్తగా వచ్చినవారిని "మీది ఏ ఊరు?" అని అడుగుతాము. ఇక్కడ పదునెనిమిది ఏండ్లుగా కాపురమున్నవారు, ఇల్లు కొని, పిల్లలను కాలేజీకి పంపుతున్నవారు కూడ "మాది తెనాలి దగ్గర", "మాది ఖమ్మం", "మాది నర్సాపురం" అనే చెప్తారు. కొండాపూరు మా ఊరని చెప్పినవాడు ఇంతవరకు మాకు ఒక్కడే కనబడినాడు. వాడికి ఏడేండ్లు.

ఇందులో వింత ఏమున్నది? 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఈ ప్రాంతమంతా రాళ్లగుట్టలు, చెరువులు, నడుమ చిన్న చిన్న ఊళ్లు. 2003లో పోలీసు కమిషనరేటు వచ్చి సైబరాబాదు అనే పేరు స్థిరపడినది. 2008లో శంషాబాదు విమానాశ్రయము, 2019లో హైటెక్ సిటీ దాక, తరువాత రాయదుర్గం దాక మెట్రో రైలు, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చినవి. ఇంత తొందరగా లేచిన చోట ఇండ్లకు వయస్సు ఉండదు. మా సంఘస్థుల ఇండ్లు చాలావరకు ఇరువది ఏండ్లు నిండనివి. ఆ గోడల మధ్య పురుడు పోసుకొన్నవారు లేరు, ప్రాణము విడిచినవారు బహు తక్కువ. చావు కబురు ఊరినుండే వస్తుంది, సాధారణముగా తెల్లవారుజామున, ఫోనులో.

ఇల్లు, ఊరు వేరైపోయిన సంగతి 2020లో అందరికీ తెలిసినది. ఆ సంవత్సరము ఆఫీసు ఇంటిలోనికి వచ్చినది. వంటగది ప్రక్కన భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకొన్నారు. అదే సమయములో ఈ అద్దాల మేడలను కట్టిన చేతులు మాత్రము ఊరు చేరితే చాలునని వేడుకొన్నవి. దేశములో వలస కూలీల కొరకు నడిపిన మొదటి ప్రత్యేక రైలు ఆ సంవత్సరము మే 1న బయలుదేరినది మన లింగంపల్లి నుండే. సుమారు 1200 మందిని ఝార్ఖండ్‌లోని హటియాకు తీసికొనిపోయినది. మేడ కట్టినవానికీ, ఆ మేడలో కూర్చొని పని చేసేవానికీ ఆ దినములలో కోరిక ఒక్కటే. కాని చాలమందికి తల్లిదండ్రుల భూస్థాపన ఫోను తెరమీద చూడవలసి వచ్చినది. పిడికెడు మన్ను వేయలేదన్న బాధ కొందరిలో ఇప్పటికీ తీరలేదు. పరామర్శకు వెళ్లినప్పుడు ఇతర సంగతులు మాట్లాడుతూ మాట్లాడుతూ అక్కడికే వస్తారు.

ఇక మా సంగతి. మాకు పాస్టరు బంగళా లేదు, ఆరవ అంతస్తులో అద్దె ఇల్లు. మా అమ్మగారు మెదకు దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉండేవారు. నాయన బడిపంతులు, ఆయన పోయి చాలా కాలమైనది. 2024 ఫిబ్రవరిలో ఆమెకు జబ్బు చేయగా మేమిద్దరము వెళ్లి తీసికొని వచ్చినాము. మూడు నెలలు మా యొద్ద ఉన్నారు. ప్రతి ఉదయము వసారాలో నిలువబడి "మెదకు ఏ దిక్కున్నది బిడ్డా?" అని అడిగేవారు. చూపితే అటు చూచి, "మస్తు ఇండ్లు అడ్డమున్నయ్" అనేవారు. మా అమ్మాయి రాత్రి పని ముగించుకొని తెల్లవారి పడుకొనేది. పిల్లకు నిద్ర చెడుతుందని అమ్మ కీర్తన పైకి పాడక పెదవులతోనే పాడుకొనేవారు. మే నెలలో "నన్ను నా వేపచెట్టు కిందికి తోలుకపో నాయనా" అన్నారు. డాక్టరు గారు పోవచ్చునన్నారు. తీసికొనిపోయినాము.

అప్పటినుండి ఆగస్టు వరకు ఆ దారి మాకు కంఠస్థమైనది. బయటి వలయ రహదారి ఎక్కి దుండిగల్ దగ్గర దిగి, నర్సాపూరు అడవిలోగుండా మెదకు. అడవిలో రోడ్డు ప్రక్కన కోతులు వరుసగా కూర్చొని ఉంటవి. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత బయలుదేరి, సోమవారము ఆమె యొద్ద ఉండి, మంగళవారము తెల్లవారి తిరిగి వచ్చేవారము. దుఃఖము మరణముతో మొదలవుతుందని అనుకొంటాము గాని, మా మట్టుకు అది ఆ దారిలోనే, ఆమె ఇంకను మాట్లాడుచుండగానే మొదలైనది. కారులో ఒకరి ముఖము ఒకరు చూచుకోనక్కరలేదు. రెండు గంటలు ముందుకే చూస్తూ, ఇంటిలో అనలేని మాటలు మేమిద్దరము అక్కడ అనుకొన్నాము.

ఆమెకు ఒకే కోరిక ఉండేది. మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది గదా, ఆ నూరేండ్ల పండుగ చూడవలెనని. కరవు కాలములో పాస్నెట్ దొరగారు కూలికి తిండి పెట్టి ఆ గుడి కట్టించిన దినములలో తమ తాతగారు రాళ్లు మోసినారని చెప్పేవారు. గాజు కిటికీలలోని బొమ్మలు పగటి వెలుతురు ఉంటేనే కనబడుతాయి గనుక పొద్దుండగానే చేర్చుమని మాకు ముందే చెప్పి పెట్టినారు. ఆగస్టులో, నాలుగు నెలల ముందు, నిద్రలో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయినారు.

మా తమ్ముడు దోహానుండి రావలెను. అంతవరకు ఫ్రీజర్ బాక్సు అద్దెకు తెప్పించినాము. ఇప్పుడు ఏ పల్లెలో చూచినా ఇదే పద్ధతి. విమానము దిగి వచ్చే బిడ్డ కొరకు మృతులు కాచుకొని ఉంటున్నారు. వెనుకటి రోజులలో మరునాటికే మన్ను చేసేవారు, రాలేనివారు రాకపోయేవారు. కంప్రెసరు చప్పుడు రాత్రంతా వినవలసి వచ్చినా, బిడ్డ తల్లి ముఖము చూడగలుగుట చిన్న మేలు కాదు.

సమాధి చేసిన మూడవ దినము ఆదరణ కూడిక జరిగినది. అయిదవ దినమున తమ్ముడు వెళ్లవలసి వచ్చినది. అతని కంపెనీ అంతే సెలవిచ్చినది. మన ప్రాంతపు కంపెనీలలోను మూడు దినములు, అయిదు దినములు, ఇట్లే ఉన్నది. ఆ సెలవైనా లేని డ్రైవర్లు, కావలివారు, ఇంటిపనివారు మన మధ్యనే ఉన్నారని మరువరాదు. యాకోబు కొరకు ఐగుప్తీయులు 70 దినములు అంగలార్చిరి. శవమును కనానుకు తీసికొనిపోవు దారిలో ఆటదు కళ్లము నొద్ద ఆగి యోసేపు మరల 7 దినములు ప్రలాపించెను. దేశమంతటి మీద అధికారియైనవాడు పని ఆపి, ఫరో యొద్ద సెలవు అడుగుకొని, తండ్రిని తండ్రి ఊరికి మోసికొని పోయినాడు. ఆ అధ్యాయము మేము వేదాంత కళాశాలలో చదివినాము, పరీక్ష వ్రాసినాము. అందులో ఎంత ప్రయాణమున్నదో ఆ ఆగస్టులో తెలిసినది.

ఒక సంగతి మొహమాటము లేక చెప్తాము. మన హిందూ ఇరుగుపొరుగువారు ఇంట మరణము జరిగితే ఏడాది పాటిస్తారు. ఆ ఏడు పండుగలు చేయరు, క్రొత్త ఇంట చేరరు. నెలనెలా గుర్తు చేసికొంటారు. దాని వెనుకనున్న విశ్వాసము మనది కాదు గనుక మనము దానిని విడిచినాము, అది సరియే. కాని ఏడాది అనే లెక్కను కూడ విడిచినాము. మన ఇండ్లలో ఆదరణ కూడిక అయిన వారములోపలనే ఊరిలోని ఇల్లు ఎవరికి, పొలము ఎంతకు అనే మాట మొదలవుతున్నది. మళ్లీ అందరూ కలిసేది ఎప్పుడో, ఉన్నప్పుడే తేల్చుకొందామంటారు. వారి ఇబ్బంది అబద్ధము కాదు. అయినను తలుపు తీసి చూస్తే కొయ్యకు తగిలించిన కళ్లజోడు ఇంకను ఉన్నది, దండెము మీద చీర ఉన్నది. తమ్మునితో మేము, సంవత్సరము తిరిగేదాక ఆ ఇంటిని గూర్చి మాట్లాడవద్దన్నాము. అతడు ఒప్పుకొన్నాడు.

అంతకంటె కఠినమైన సంగతి, మిగిలిన తల్లి. తండ్రి పోగానే పిల్లలు ప్రేమతోనే ఆమెను గచ్చిబౌలికి తీసికొనివస్తారు. భర్త పోయిన నెలలోనే ఇల్లు, వాకిలి, ప్రక్కింటి వదిన, గుడి గంట అన్నీ పోవును. పదునాలుగవ అంతస్తులో మంచి గది, ఏసీ, టీవీ ఉన్నవి. కొడుకు మీటింగులో ఉంటాడు, మనుమడు చెవులలో తీగలు పెట్టుకొని ఉంటాడు. లిఫ్టు మీట నొక్కుటకు ఆమెకు జంకు. అట్టి తల్లి ఒకామె మాతో, "ఇక్కడ ఏడవటానికి చోటు లేదు బాబూ, స్నానాల గదిలో కుళాయి విప్పుకొని ఏడుస్తాను" అన్నది. అవకాశమున్న కుటుంబములకు మేము చెప్పేది ఒకటే. మొదటి ఏడు తల్లిని కదిలించక, మీరే ప్రయాణము చేయండి. లింగంపల్లి నుండి గౌతమి ఉన్నది, నారాయణాద్రి ఉన్నది, శుక్రవారము రాత్రి మియాపూరులో బస్సులకు లెక్క లేదు. జబ్బు వలన, ఒంటరితనము వలన తీసికొని రాక తప్పనివారిని మేమేమీ అనము. మేము కూడ మూడు నెలలు తెచ్చుకొన్నవారమే.

నయోమిని గూర్చి బోధించునప్పుడు రూతు మంచితనము దగ్గర ఆగిపోతుంటాము. మోయాబులో భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని ఆమె బేత్లెహేముకు నడిచి వచ్చినది. ఊరి స్త్రీలు గుమిగూడగా, ఇక తన పేరు నయోమి కాదు, మారా అని పిలువుడన్నది. దేవుడే తనను శ్రమపెట్టినాడని పైకి అన్నది. ఆ స్త్రీలలో ఒక్కతెయైనను "అట్లు అనరాదమ్మా, విశ్వాసము విడువరాదు" అని దిద్దినట్లు అక్కడ లేదు. మన పరామర్శలలో మొదటి నిమిషములోనే ఆ దిద్దుబాటు జరుగుతుంది. మాతోను జరిగినది. అన్నవారు మేలు కోరియే అన్నారు గాని, ఆ పూట మాకు అన్నము సహించలేదు.

డిసెంబరు 25న మా సంఘములో ఆరాధన జరిపి, మరునాడు మేమిద్దరము మెదకు వెళ్లినాము. పొద్దుండగానే చేరినాము. గుడినిండ జనము. కిటికీల క్రింద కొంతసేపు కూర్చొని, తరువాత పల్లెకు పోయి సమాధి చుట్టు గడ్డి పీకినాము. మా అమ్మాయి కీర్తనల పుస్తకమును, వేపచెట్టు క్రింది మడత కుర్చీని తెచ్చుకొన్నది. ఆ కుర్చీ ఇప్పుడు మా వసారాలో మెదకు దిక్కుగా ఉన్నది. ఇండ్లు అడ్డమే.

ఇంకొక మాట పెద్దల దృష్టికి తెస్తున్నాము. అబ్రాహాము కనానులో అంతకాలము గుడారములలో తిరిగినా, వెల యిచ్చి కొన్న నేల శారా సమాధి కొరకే. మక్పేలా పొలమునకు 400 తులముల వెండి తూచి యిచ్చెను. మా ప్రాంత విశ్వాసులు ముప్పది ఏండ్ల వాయిదాల మీద ఇండ్లు కొన్నారు గాని, తమకు సమాధి స్థలము ఎక్కడో ఎవరికీ తెలియదు. నగరములోని పాత సమాధుల తోటలలో చోటు లేక పాత సమాధులనే తెరచి పెట్టుచున్నారు. ఊరిలో ఇల్లు అమ్ముకొన్నవారు మరల ఆ ఊరికి మోయబడుదురా? కొండాపూరు మా ఊరన్న పిల్లవాని తరానికైనా దగ్గరలో ఒక స్థలము కావలెను. కొన్ని కుటుంబాల వారు కలిసి దీనికొరకు చందా మొదలుపెట్టినారు. అధ్యక్ష మండలము వారు చేయి కలిపితే గాని తీరే పని కాదు.

మా స్త్రీల మైత్రి వారు గురువారము మధ్యాహ్నములలో ఫ్లాట్లలోని పెద్దతల్లుల యొద్దకు వెళ్తున్నారు. గేటు దగ్గర పుస్తకములో వచ్చిన పని అన్నచోట ఏమి వ్రాయవలెనో మొదట తోచలేదట. ఇప్పుడు "కూర్చొనుటకు" అని వ్రాస్తున్నారు. ప్రస్తుతము పదకొండు ఇండ్లు ఉన్నవి. మీ బంధువులు ఎవరైనా ఆ ప్రాంతములో ఉంటే, ఇంటి నంబరు, ఆమె ఏ ఊరామెయో వ్రాసి, భోజనాల వేళ మా దగ్గర ఇవ్వండి.