డబ్బాలో ఏముందో అడుగుదాం

(పట్నం లాండ్రీల్లో, డ్రై క్లీనింగ్ షాపుల్లో పనికి పోతున్న మన పిల్లల గురించి వాడ మీటింగులో మాట్లాడిన మాటలు)

 

పాల్వంచ, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల వైపు మన వాడల నుంచి, గూడేల నుంచి పిల్లలు పని కోసం కొత్తగూడెం, ఖమ్మం, హైదరాబాదు పోతున్నారు. కొందరు హోటళ్లలో, కొందరు సెంట్రింగు పనిలో, కొందరు లాండ్రీల్లో చేరుతున్నారు. లాండ్రీ పని మన కంటికి తేలిగ్గా కనపడుద్ది. నీడపట్టున పని, ఎండలో మిరప కోసే పని కాదు, నెలకింత అని చేతికొస్తది అనుకుంటాం. ఆ నీడలో ఏముందో ఇవ్వాళ మాట్లాడుకుందాం.

మందు ముట్టడం మనకు కొత్త కాదు. పత్తి చేలో, మిరప తోటలో మందు పంపు ఎవరి వీపు మీద ఉంటది? మన వీపు మీదనే. ఆసామి గాలికి ఎగువన గట్టు మీద నిలబడి ఏ సాలు వదిలేశామో చూపిస్తడు. డబ్బా మూత తీసేది మనం, కలిపేది మనం, తడిసిన బట్టలతో ఇంటికొచ్చేది మనం. ఆ బట్టలు ఉతికేది మన ఆడవాళ్లు. నీళ్లలో పోయగానే పాలలాగా తెల్లబడే మందులున్నాయి కదా, వాటిలో పురుగును చంపే విషం ఒక్కటే ఉండదు. ఆ విషాన్ని కరిగించి పట్టుకునే ద్రావకం కూడా ఉంటది. దాన్నే సాల్వెంటు అంటారు. దాని చుట్టాలే లాండ్రీలో ఉన్నాయి. చేలో పని పురుగు పోవాలని, షాపులో పని జిడ్డు పోవాలని. ముట్టుకునే చేతులు మాత్రం రెండు చోట్లా మనవే.

డ్రై క్లీనింగ్ అంటే పొడిగా ఉతకడం అనుకునేరు. పొడి కాదు, నీళ్లు లేకుండా ఉతకడం. పట్టు చీర, ఉన్ని కోటు నీళ్లలో వేస్తే ముడుచుకుపోతాయి, రంగు పోద్ది. అందుకని సాల్వెంటులో వేసి తిప్పుతారు. చిన్న షాపుల్లో పెట్రోలు, మినరల్ టర్పెంటైన్ వాడతారు. పెద్ద మిషన్లున్న చోట పెర్‌క్లోరోఇథిలీన్ వాడతారు, దాన్నే పొట్టిగా పెర్క్ అంటారు. మొండి మరకలకు ట్రైక్లోరోఇథిలీన్ లాంటివి కూడా వాడకంలో ఉన్నాయి. నోరు తిరగని పేర్లే. అయినా నేర్చుకోవాలి. మోనోక్రోటోఫాస్ పేరు చదువురాని మన ముసలోళ్లు నేర్చుకోలేదా?

ముందు పెట్రోలు సంగతి. సున్నాకు 40 డిగ్రీల కింద చలిలో కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరి వదులుద్ది. ఇక మన భద్రాచలం ఎండలో చెప్పేదేముంది! ఆ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాములాగా పాకుద్ది. ఈ మూల పెట్రోలు బకెట్టు, ఆ మూల బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఉంటే మధ్యలో ఆ ఆవిరే వత్తి. బీడీ నిప్పు చాలు, స్విచ్చి వేసినప్పుడు వచ్చే మెరుపు చాలు, నైలాన్ బట్ట రుద్దితే పుట్టే చిటపట చాలు. అంటుకోకపోయినా పెట్రోల్లో బెంజీన్ ఉంటది. బెంజీన్ రక్త కేన్సరు తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సరు పరిశోధన విభాగం తేల్చి చెప్పింది.

పెర్క్ పెట్రోల్లాగా మండదు, అందుకని మంచిదంటారు. దాని తియ్యటి వాసన మొదట తల తిప్పుద్ది, తాగినోడిలాగా తూలేటట్టు చేస్తది. ఏళ్ల తరబడి పీలిస్తే కాలేయం, మూత్రపిండాలు, నరాలు చెడతాయి. కేన్సరు తెచ్చే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల్లో 1995లో దాన్ని చేర్చారు. పెర్క్ ఆవిరి మంటకు, బాగా కాలిన ఇనుముకు తగిలితే ఫాస్‌జీన్ పుట్టే ప్రమాదముంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం డ్రై క్లీనింగ్ నుంచి పెర్క్‌ను తీసెయ్యాలని 2007లో నిర్ణయించి 2023 కల్లా తీసేసింది. అక్కడ వద్దని పారేసిన దాన్ని ఇక్కడ మన పిల్లోడు ముక్కుకు తువ్వాలు కట్టుకొని తోడుతున్నాడు.

మా వాడ పిల్లోడొకడు పట్నంలో ఒక షాపులో చేరిండు. పగలు పని, రాత్రి అక్కడే నేల మీద పడక. అద్దె మిగులుద్దని వాడి సంతోషం, కాపలా దొరికిందని యజమాని సంతోషం. పొద్దున లేస్తే తలనొప్పి, వాంతి వచ్చినట్టుండేది. చేతులు ఎండిన చెరువు మట్టిలాగా పగిలినయి. "అలవాటైద్దిలే" అన్నడట యజమాని. నిజంగానే అలవాటైంది. వాసన తెలవడం మానేసింది. తగ్గిందనుకున్నడు. తగ్గింది వాసన కాదు, వాడి ముక్కుకు పసిగట్టే శక్తి. ఆవిరి నేలబారునే ఉంటది, వాడు నేల మీదనే పడుకున్నడు. ఇంటికొచ్చి పది రోజులుంటే తలనొప్పి తగ్గింది. అప్పుడు గాని మాకు అర్థం కాలేదు.

ఇంకొక మాట. మిషన్ అడుగున మడ్డి పేరుకుంటది. ఫిల్టర్లు మార్చాలి, ట్యాంకు కడగాలి. ఆవిరి అన్నిటికన్నా ఎక్కువ ముఖాన కొట్టేది అక్కడే. ఆ పని ఎవరికి చెప్తారు? కౌంటరు దగ్గర కూర్చున్నోడికి చెప్తారా? కొత్తగా వచ్చినోడికి, అడగలేనోడికి, మన వాడ పిల్లోడికి చెప్తారు. పట్నంలో కులం అడగరంటారు గానీ, మడ్డి దగ్గరికొచ్చేసరికి కులం దానంతటదే తెలిసిపోద్ది.

విషం పనోడితోనే ఆగదు. 1977లో కెనడా దేశంలో ఆరు వారాల పసిబిడ్డకు కామెర్లు వచ్చినయి. కారణం వెతికితే తండ్రి తోలు బట్టలు శుభ్రం చేసే చోట పనిచేస్తున్నడు. తల్లి రోజూ మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడికి పోయేది. ఆమె చనుబాలలో పెర్క్ దొరికింది. బిడ్డకు తల్లిపాలు ఆపితే నయమైంది. సద్ది పట్టుకెళ్లే అక్కలు, చంటిబిడ్డ తల్లులు ఇది గుర్తుపెట్టుకోవాలి. కడుపుతో ఉన్నవాళ్లు ఆ గదిలోకే పోకూడదు.

అయితే ఏం చెయ్యాలి? పని మానేయమని మేం చెప్పం, పొట్ట ఎట్ల గడుస్తది? ఇవి మాత్రం పట్టుకోండి.

షాపులో పడుకోవద్దు, తినొద్దు. బీడీ అసలే వద్దు. నిప్పు, ఇస్త్రీ పెట్టె సాల్వెంటు గదిలో ఉండకూడదు. ఆవిరి కిందనే ఉంటది కాబట్టి పై కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు, గాలి లాగే ఫ్యాను నేలబారున, నిప్పురవ్వ రాని రకంది ఉండాలి. మిషన్ ఆరబెట్టడం పూర్తయ్యేదాకా తలుపు తియ్యొద్దు, తీసినా ముఖం అందులో పెట్టొద్దు. గుడ్డ మాస్కు దుమ్మును ఆపుద్దేమో గానీ ఆవిరిని ఆపదు. దానికి సాల్వెంటు ఆవిరిని పట్టే డబ్బీ ఉన్న మాస్కు కావాలి. ఆస్పత్రిలో వాడే పల్చటి రబ్బరు తొడుగులు పనికిరావు. నైట్రైల్ లాంటి తట్టుకునే రకం కావాలి, అవి కూడా ఉబ్బితే, మెత్తబడితే పారెయ్యాలి. పెట్రోలుతో చేతులు కడగొద్దు. కూల్‌డ్రింకు సీసాలో సాల్వెంటు పోసి పెట్టొద్దు, పిల్లలు తాగుతారు. ప్రతి సీసా మీద పేరు రాయాలి. మడ్డిని కాలువలో పోయొద్దు, గుంటలో పూడ్చొద్దు. పెర్క్ నీళ్ల కన్నా బరువు, భూమిలోకి దిగి బావి నీళ్లలో కలుస్తది. ఇంటికి పోయే ముందు బట్టలు మార్చుకోవాలి.

ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బు నీళ్లతో కడగాలి. కంట్లో పడితే పావుగంట నీళ్లతో కడుగుతూనే ఉండాలి. మింగితే వాంతి చేయించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోద్ది. ఎవరైనా లోపల స్పృహ తప్పితే ముక్కుకు గుడ్డ కట్టుకొని ఉరకొద్దు. సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరిని తీయబోయి ఇంకొకరు పోయినట్టే ఇక్కడా పోతారు. తలుపులు తెరిచి, అరిచి మనుషుల్ని పిలిచి, 108కి ఫోను చెయ్యాలి. డబ్బా మీది చీటీ డాక్టరుకు చూపించాలి.

చట్టం సంగతి. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని అన్న సవరణ 1946లో వచ్చింది. 1984లో భోపాల్లో మనుషులు రాలిపోయాక, 1987లో ఫ్యాక్టరీ చట్టం సవరించి, తన పనిలోని ప్రమాదం తెలుసుకునే హక్కు కార్మికుడికి రాశారు. అయితే కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అనేవారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడు ఆ 10ని 20 చేసింది. మన పిల్లలుండే షాపుల్లో నలుగురో ఐదుగురో ఉంటారు. పని వల్ల వచ్చే జబ్బుకు పరిహారం అన్న మాట 1923 నుంచి ఉంది, బెంజీన్ జబ్బులు ఆ పట్టికలో ఉన్నయి. దానికి రుజువు కావాలి. జీతం బ్యాంకులో పడిన చీటీ, హాజరు కాగితం, డాక్టరు రాసిన కాగితం దాచిపెట్టండి. ఏం పని చేస్తున్నదీ డాక్టరుతో చెప్పి రాయించుకోండి.

చట్టం అందని చోట సంఘం అందాలి. దూరం పోనక్కర్లేదు, మన పాల్వంచ దగ్గరి పునుకుల చూడండి. పత్తి మీద పురుగుమందు కొట్టి కొట్టి అప్పులపాలైన ఊరు. మహిళా సంఘాలు ముందుకొచ్చి వేపగింజల కషాయం, మిరప వెల్లుల్లి కషాయం కాచినయి. 2003-04 నాటికి ఆ ఊళ్లో పురుగుమందు వాడకం ఆగింది. మందు మాకొద్దని పంచాయతీయే తీర్మానం చేసింది. ఒక్కడు అడిగితే పని పోయేది. ఊరంతా అడిగితే డబ్బానే ఊరు దాటింది. లాండ్రీలో కూడా విషానికి దారి తప్పనిసరేం కాదు. నీళ్లతోనే జాగ్రత్తగా ఉన్ని, పట్టు ఉతికే మిషన్లు వేరే దేశాల్లో నడుస్తున్నయి. కావాల్సింది ఖర్చు పెట్టించే ఒత్తిడి.

కాబట్టి ఈ మీటింగులో మనం ఒక పని పెట్టుకుందాం. పట్నం పోయే ప్రతి పిల్లోడి షాపు పేరు, చిరునామా సంఘం పుస్తకంలో రాద్దాం. పండక్కి వచ్చినప్పుడు చేతులు చూద్దాం, తలనొప్పి ఉందా అని అడుగుదాం. షాపులో చేరిన మొదటి రోజునే మన పిల్లోడు ఒక్క మాట అడగాలి: "అన్నా, ఈ డబ్బాలో ఏముంది?" జవాబు రాకపోతే మూత తియ్యొద్దు, మనకు ఫోను చెయ్యాలి. మనం నలుగురం బస్సెక్కి పోయి అదే మాట అడుగుదాం.

జై భీమ్.