మున్సిపల్ సిబ్బందికి శిక్షణ – మన ప్రాణాలకు రక్షణ

(షోలాపూర్ కార్మికుల సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సభలోనూ మజూరీ గురించి, బోనస్ గురించి, ప్రావిడెంట్ ఫండ్ గురించి మాట్లాడుకుంటాము. ఈ రోజు వేరే విషయం ఒకటి మీ ముందు పెట్టాలని మేము నిర్ణయించుకున్నాము. ఆపద వచ్చిన రాత్రి మన గల్లీలోకి మొదట వచ్చేది ఎవరు? మంత్రిగారు కాదు, కలెక్టరుగారు కాదు. ఫైర్ బండి మీద వచ్చే జవాను, నల్లా నీళ్ళు వదిలే మనిషి, సఫాయి కార్మికుడు, వార్డు గుమాస్తా. ఏం చేయాలో వారికి తెలిస్తే మనం బ్రతుకుతాము. తెలియకపోతే వారు కూడా మనతోపాటు నిలబడి చూడవలసిందే.

1993 సెప్టెంబరు 30 మన పెద్దవాళ్ళు మరిచిపోలేదు. గణపతి నిమజ్జనం చేసి వచ్చి జనం అలసి పడుకున్నారు. తెల్లవారుజామున నాలుగు కొట్టకముందే కిల్లారి దగ్గర భూమి కంపించింది. అది మనకు సుమారు వంద కిలోమీటర్లే. లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో దాదాపు 8 వేల మంది చనిపోయారు. మట్టితో పేర్చిన రాతి గోడలు, పైన బరువైన మట్టి కప్పులు నిద్రలోనే వారిని పూడ్చేశాయి. తరువాత సైన్యం వచ్చింది, నలుమూలల నుంచి సాయం వచ్చింది. కాని రాళ్ళ కింద చిక్కిన మనిషికి మొదటి కొన్ని గంటలే ముఖ్యం. ఆ గంటల్లో దగ్గర ఉండేది పక్కింటివారు, ఊళ్ళో పనిచేసే చిన్న ఉద్యోగులు. ఆ వేళకు నేర్చుకుందామంటే కుదరదు. ముందే నేర్చుకొని ఉండాలి.

నేర్చుకుంటే ఏమవుతుందో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న బరంపురం వైపు చూడండి. 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుఫానులో ఒరిస్సాలో దాదాపు 10 వేల మంది పోయారు. ఆ దెబ్బ తరువాత అక్కడ తుఫాను షెల్టర్లు కట్టారు, పల్లె పల్లెకు హెచ్చరిక చేరే ఏర్పాటు చేశారు, ఉద్యోగులకు, వాలంటీర్లకు శిక్షణ ఇచ్చారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను బరంపురం పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పటికే 10 లక్షల మందికి దగ్గరగా జనాన్ని తరలించారు. ఇళ్ళు పోయాయి, పంటలు పోయాయి. చనిపోయినవారు మాత్రం పదుల్లోనే. గాలి తగ్గలేదు, మనుషులు సిద్ధంగా ఉన్నారు. అదే తేడా.

ఇది ఎవరో దయతో చేయవలసిన పని కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థ తన అధికారులకు, ఉద్యోగులకు విపత్తు శిక్షణ ఇప్పించాలి. సామాను ఎప్పుడూ వాడకానికి సిద్ధంగా ఉంచాలి. సాహెబులు తరగతుల్లో కూర్చొని సర్టిఫికెట్లు తెచ్చుకుంటే సరిపోతుందా? గొట్టం పట్టుకొని మంట ముందు నిలబడేవాడికి నేర్పాలి. కాంట్రాక్టు మీద ఉన్నవాడికీ నేర్పాలి.

2025 మే 18 మన గుండెల్లో ఇంకా పచ్చిగానే ఉంది. అక్కలకోట రోడ్డు ఎం.ఐ.డి.సి.లో టవళ్ళ కార్ఖానా తెల్లవారుజామున అంటుకుంది. 8 మంది పోయారు, అందులో ఒక పసిబిడ్డ. మంటలు ఆర్పడానికి ఎన్నో గంటలు పట్టింది. నూలు మంట సంగతి మనకు తెలుసు. పైన ఆరినట్టే ఉంటుంది, బేలు లోపల రగులుతూనే ఉంటుంది. విప్పి తడపకపోతే మళ్ళీ లేస్తుంది. కరెంటు తీయకుండా నీళ్ళు కొట్టకూడదు. పాలిస్టర్ పొగ మనిషిని మంటకన్నా ముందే పడేస్తుంది. మెయిన్ స్విచ్ ఎక్కడ, వెనక తలుపు ఏది, ఏ గల్లీలో బండి తిరగదు – ఇవన్నీ మనకు తెలుసు. ఫైర్ జవానుకు ముందే తెలియాలి. అతనికి తెలిసినవి మనకూ రావాలి.

అందుకే మహానగరపాలికెను మేము ఈ నాలుగు కోరికలు అడగదలిచాము.

ఒకటి: సఫాయి, నీటి సరఫరా, ఫైర్, వార్డు సిబ్బంది అందరికీ, కాంట్రాక్టువారితో సహా, పని వేళల్లో జీతం కోయకుండా శిక్షణ.

రెండు: మన పేటల్లో, కార్ఖానాల్లో ఏటా రెండుసార్లు మాక్ డ్రిల్. అందులో సాంచాల కార్మికులు, బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్ళు కూడా ఉండాలి.

మూడు: పొగలోకి వెళ్ళేవారికి శ్వాస పరికరాలు, బూట్లు, తాళ్ళు, బీమా. వట్టి చేతులతో మంటలోకి పంపడం సేవ కాదు, అన్యాయం.

నాలుగు: హెచ్చరికలు మరాఠీతోపాటు తెలుగులోనూ. మన ముసలమ్మలకు అర్థం కాని హెచ్చరిక వారిని కాపాడదు.

మున్సిపల్ కార్మికుడూ మనలాంటి కార్మికుడే. అతని ప్రాణం గురించి మనం అడిగితే మన ప్రాణం గురించి అడిగినట్టే. ఈ వారంలోనే ప్రతి కార్ఖానా నుంచి ఇద్దరు మా ఆఫీసుకు వచ్చి పేర్లు ఇవ్వండి. తలుపులు, స్విచ్‌లు, నీళ్ళ తొట్లు ఎక్కడున్నాయో కాగితం మీద గీసి తీసుకురండి. ఆ కాగితాలు పట్టుకొనే మనం పాలికె మెట్లెక్కుదాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!