గడ్డలోకి దూరే సూక్ష్మజీవి



క్యాన్సర్ గడ్డ నడిమధ్యకు రక్తం సరిగా అందదు, ప్రాణవాయువు తక్కువ. కొన్ని బాక్టీరియాలకు అలాంటి చోటే అనువు. జన్యువులు మార్చి, విషం తగ్గించిన సాల్మొనెల్లాను అమెరికాలో రోగులకు ఎక్కించి చూశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. ఎలుకల్లో పనిచేసినా, మనుషుల్లో గడ్డలు కరగలేదు. ప్రయోగాలు సాగుతున్నాయి.

అలాగని ఇది వట్టి మాట కాదు. పసిపిల్లలకు వేసే బి.సి.జి. టీకా ఉందే, అదీ సజీవ బాక్టీరియాయే, జన్యువులు మార్చకుండా బలహీనపరచినది. 1976లో కెనడా డాక్టరు మొరాలెస్ దాన్ని మూత్రాశయ క్యాన్సరుకు వాడి ఫలితం చూపారు. ఈనాటికీ, వ్యాధి కండరంలోకి పాకనివారికి, గడ్డ తీశాక, గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఎక్కిస్తున్నారు.

ముందే బయటపడాలి మరి. మూత్రంలో ఒక్కసారి రక్తం కనిపించినా, నొప్పి లేదుగదా అని ఊరుకోక డాక్టరుకు చూపించండి. లైఫ్ సర్టిఫికెట్టుకు నవంబరులో పరుగెత్తే మనం దీనికి మొహమాటపడతాం! ఇంట్లో ఆడవారికీ చెప్పండి.